రాహువుకు నీడలో చోటు

1980 ఫిబ్రవరి 16. శనివారం, మాఘ అమావాస్య. ఆ మధ్యాహ్నం చంద్రుడి నీడ రాయచూరు వైపు నుంచి వచ్చి, మహబూబ్‌నగర్ దాటి, మా నల్లగొండ మీదుగా వెళ్లి ఒడిశా తీరంలో సముద్రంలోకి దిగిపోయింది. సంపూర్ణ సూర్యగ్రహణం. మా ఇంటికి ఓ అరవై కిలోమీటర్ల దూరంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకుని ఆ రెండు నిమిషాల కోసం కాచుకుని ఉన్నారు. నేను చూడలేదు. నెత్తి మీద జరిగిన వింతను చూడకుండా ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న తలుపుకు గడియ పెట్టారు.

నాన్న హైస్కూల్లో సైన్సు టీచరు. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది.

ముందురోజు రాత్రి దీపం ఆర్పి గ్రహణం ఎలా పడుతుందో చేసి చూపించింది ఆయనే. టార్చిలైటు సూర్యుడు, నిమ్మకాయ చంద్రుడు, నా రబ్బరు బంతి భూమి. నిమ్మకాయ నీడ బంతి మీద చిన్న చుక్కలా పడింది. "రేపు మధ్యాహ్నం మనం ఈ చుక్కలో ఉంటాం" అన్నారు. నాకు పదకొండేళ్లు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నానమ్మ ఊరగాయ జాడీల మీద, ఉప్పు కుండ మీద, నీళ్ల బిందె మీద గరిక పోచలు వేసింది. పురిటికి వచ్చిన మా మేనత్తను లోపలి గదిలో పడుకోబెట్టి, కాలు కదపవద్దంది. ఆమెకు ఏడో నెల. మధ్యాహ్నం భోజనాలు తొందరగా ముగిశాయి. కిటికీలు మూశారు. వీధిలో ఒక్క మనిషి లేడు, కుక్కలు కూడా ఎక్కడికో పోయాయి.

మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి ఎండ గోడ మీద గుండ్రటి బిళ్లల్లా పడేది. ఆ రోజు నేను ఆ బిళ్లలనే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అవి గుండ్రంగా లేవు. ఒక పక్క కొరికినట్లయ్యాయి, ఆ తరువాత కొడవళ్లయ్యాయి. గోడ నిండా చిన్న చిన్న కొడవళ్లు, అన్నీ ఒకే వైపు తిరిగి. నాన్న కూడా చూశారు. వేలితో చూపించారు, ఒక్క మాట మాట్లాడలేదు. కొడవళ్లు దారప్పోగుల్లా సన్నబడి ఒక్కసారిగా ఆరిపోయాయి. చీకట్లో నానమ్మ అష్టాక్షరి జపిస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

దేవుడిని నమ్మడానికీ సైన్సుకూ పొత్తు కుదురుతుందా అని ఎవరైనా వాదానికి దిగితే నాకు ముందుగా ఆ గోడే కళ్లకు కడుతుంది. ఇది ఐన్‌స్టీన్ ఏమన్నాడు, వివేకానందుడు ఏమన్నాడు అన్న పద్ధతిలో తేలే వ్యవహారం కాదు. ఎవరి జేబులో వారికి కావలసిన సూక్తులు ఉంటాయి. అసలు ఈ పొత్తు కుదర్చడం అనే పని ఎలా జరుగుతుందో, అందులో ఎవరి వాటా ఎంత తగ్గుతుందో చూడాలి. అందుకు మన దగ్గరే ఒక అద్భుతమైన దస్తావేజు ఉంది.

క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు మెలిక లేకుండా చెప్పేశాడు: చంద్రుడు సూర్యుడిని కప్పితే సూర్యగ్రహణం, భూమి నీడ చంద్రుడిని కప్పితే చంద్రగ్రహణం. రాహువు ఊసే లేదు. ఆ తరువాత 628లో బ్రహ్మగుప్తుడు తన సిద్ధాంత గ్రంథం రాశాడు. ఈయన సామాన్యుడు కాడు. సున్నాతో కూడికలు, తీసివేతలకు నియమాలు కట్టిన మహా గణితవేత్త. గ్రహణం లెక్కలన్నీ నీడల కొలతలతోనే వేశాడు. అదే పుస్తకంలో, రాహువు లేడనే వారి మీద విరుచుకుపడ్డాడు. రాహువు లేడంటే వేదానికీ స్మృతులకూ విరుద్ధమట, గ్రహణ స్నానాలకూ దానాలకూ ఫలం లేకుండా పోతుందట. మరి నీడ సంగతి? దానికీ ఉపాయం చూపించాడు: బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల రాహువు ఆ నీడలోకి ప్రవేశించి ఉంటాడు.

ఈ ఏర్పాటును నిదానంగా చూడండి. గ్రహణం ఎప్పుడు పడుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఏ ఊళ్లో ఎంత కనిపిస్తుంది అన్నవన్నీ నీడ తేలుస్తుంది. రాహువు లెక్కలో ఎక్కడా లేడు. ఆయనను తీసేసినా ఒక్క అంకె మారదు. అయినా నీడలో ఆయనకు ఒక చోటు కేటాయించారు. ఉద్యోగం పోయింది, కుర్చీ మిగిలింది.

సుమారు 1030లో, మన శాస్త్రాల గురించి పుస్తకం రాసిన మధ్య ఆసియా పండితుడు అల్‌బెరూనీ ఈ భాగం చదివి నివ్వెరపోయాడు. ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకు రాశాడని తర్కించుకుని, జనం నమ్మకాలను కాదని మరణశిక్ష పడిన సోక్రటీసు గతిని గుర్తు చేశాడు. అంటే, తెలియక రాసింది కాదు, జనానికి జడిసి రాసింది అని ఆయన అనుమానం. నాకు ఆ పేజీ తెలిసిన నాటి నుంచి బ్రహ్మగుప్తుడి ముఖం మా నాన్న ముఖంలాగే కనిపిస్తుంది.

ఇది మన దగ్గరే జరిగిందని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. న్యూటన్ అంతటివాడు, గ్రహాలు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల కక్ష్యలు క్రమంగా చెడిపోతాయనీ, ఎప్పుడో దేవుడే వాటిని సరిచేయవలసి ఉంటుందనీ అనుకున్నాడు. వందేళ్లు తిరగకుండానే, గురువు, శని గతుల్లో కనిపించే తేడా చెడిపోవడం కాదనీ, సుమారు తొమ్మిది వందల ఏళ్లకు ఒకసారి తిరిగి వచ్చే ఊగిసలాట అనీ ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ లెక్క కట్టాడు. దేవుడికి మరొక పని తగ్గింది.

ఈ ధోరణిలో రాస్తే తరువాత రాబోయేది ఇస్రో వారి మీద ఎగతాళి అని మీరు అనుకుంటారు. ఏటా ఏదో ఒక ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు రాకెట్టు నమూనా పట్టుకుని తిరుమల వెళ్తారు, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకుంటారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఆ రోజంతా హేతువాద మిత్రులు పళ్లు నూరుతారు, భక్త మిత్రులు మురిసిపోతారు. నా మటుకు నాకు ఇద్దరూ ఆ ఫొటోను సగమే చదువుతున్నారనిపిస్తుంది.

మిగతా సగం ఇదీ. 2019 జూలైలో చంద్రయాన్–2కు ముందు కూడా ఇస్రో అధ్యక్షుడు తిరుమల వెళ్లి వచ్చారు. 15వ తేదీ తెల్లవారుజామున, మరో 56 నిమిషాల్లో రాకెట్టు ఎగరాలనగా వాహనంలో సాంకేతిక లోపం కనబడింది. గడియారం ఆపేశారు. "స్వామి దర్శనం అయింది కదా, కానివ్వండి" అని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. అని ఉంటే ఆ మనిషిని అప్పుడే బయటకు పంపేవారు. లోపం సరిచేసి 22న ఎగరేశారు. సెప్టెంబర్ 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. నాలుగేళ్ల తరువాత మళ్లీ నమూనా తిరుమలకు వెళ్లింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్–3 దక్షిణ ధ్రువానికి దగ్గరలో నిలకడగా దిగింది.

స్వామి ఒకరే. పూజ ఒకటే. ఒకటి కూలింది, ఒకటి దిగింది. ఏం మారింది? మొదటిసారి ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడు బలం ఇచ్చాయి. తప్పులు పేరుకుపోయాయి. వాటిని సర్దుకోవడానికి వ్యవధి చాలలేదు. పైగా దిగవలసిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు మాత్రమే. రెండోసారి ఆ చోటును నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ వెడల్పుకు పెంచారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగే వేగాన్ని నేరుగా కొలిచే లేజరు పరికరం అమర్చారు. ఏది చెడిపోతే ఏం చేయాలో ముందే రాసుకున్నారు. విఫలమైన రోజు దైవాన్ని నిందించకుండా, నెగ్గిన రోజు నివేదికలో దైవానికి వాటా రాయకుండా పని చేశారు.

అంటే ఇస్రోలో పొత్తు కుదిరినట్లేనా? మనుషుల్లో కుదిరింది, ఏ సందేహం లేదు. చేతిలో ప్రసాదం, బల్ల మీద పరిశీలించవలసిన అంశాల జాబితా, రెండూ ఒకే మనిషివి. కానీ ఆ జాబితాలో దేవుడికి గడి లేదు. బ్రహ్మగుప్తుడి రాహువులాగే, తీసేస్తే ఏ అంకే మారని చోటులో ఆయనను గౌరవంగా కూర్చోబెట్టారు.

భౌతికశాస్త్రంలో 1979 నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం, స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు. ఇద్దరూ వేరువేరుగా చేరుకున్నది ఒకే సిద్ధాంతానికి. సమీకరణం చూసి ఇందులో నమాజు చేసేవాడు రాసింది ఏదో చెప్పమంటే ఎవరి తరమూ కాదు. శ్రీనివాస రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారు చెప్పినవని నమ్మాడు. ఆ సూత్రాల్లో ఎన్నో అబ్బురపరిచేలా నిజమయ్యాయి. ప్రధాన సంఖ్యల విషయంలో ఆయన చెప్పుకున్నవి కొన్ని తప్పాయి. ఏది ఒప్పో ఏది తప్పో తేల్చడానికి, బొత్తిగా దేవుడిని నమ్మని కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ అడిగిన ఉపపత్తులే, అంటే గణిత రుజువులే, కావలసి వచ్చాయి. అమ్మవారు చెప్పిందన్నది రామానుజన్‌కు ప్రాణం. గణితానికి మాత్రం ఆ మాటతో పని పడలేదు.

ఇక తర్కం సంగతి. మన ఊళ్లలో నాస్తికుడంటే దేవుడు లేడనేవాడు. పాత దర్శనాల్లో ఆ మాటకు అర్థం వేరు, వేదాన్ని ఒప్పుకోనివాడు. అందుకే వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు సృష్టికర్త అక్కరలేదని నిక్షేపంగా వాదించారు. ఏడో శతాబ్దం వాడైన కుమారిల భట్టు అడిగిన ప్రశ్నలు ఈనాటి ఏ హేతువాది అడిగినవాటికన్నా పదునైనవి: సృష్టికర్తకు శరీరం ఉందా? ఉంటే దాన్ని ఎవరు చేశారు? లేకపోతే ఎలా చేశాడు? దయతో చేశాడంటే ఇంత దుఃఖం ఎందుకు పెట్టాడు? దీనికి ఎదురుగా, తర్కమే ప్రాణమైన న్యాయదర్శనం నుంచి ఉదయనుడు నిలబడ్డాడు. కుండకు కుమ్మరి ఉన్నట్టే లోకానికి కర్త ఉండాలన్న వాదాన్ని అంత పకడ్బందీగా కట్టినవాడు మరొకడు లేడు. ఆయన గురించి ఒక కథ ఉంది. పూరీ వెళ్తే గుడి తలుపులు మూసి ఉన్నాయట. ఒళ్లు మండి, "ఐశ్వర్య మదంతో నన్ను లెక్క చేయడం లేదు. బౌద్ధులు వాదానికి వచ్చిన రోజున నీ ఉనికికి నేనే దిక్కు" అని జగన్నాథుడినే దబాయించాడట. నాకు ఈ కథ భలే ఇష్టం. తర్కంతో నిలబెట్టిన దేవుడు తార్కికుడి చెప్పుచేతల్లో ఉంటాడన్న సంగతి ఆ భక్తుడికే తెలుసు మరి.

నా వాదం ఇక్కడికే వస్తోంది. వాదనలో వచ్చే దేవుడూ, మొక్కులు అందుకునే దేవుడూ ఒక్కరు కారు. సభలో నిలదీస్తే భక్తుడు చూపించేది నిరాకారుడిని, నిర్గుణుడిని, అన్నిటికీ మూలమైన చైతన్యాన్ని. ఆయనను ఏ ప్రయోగమూ తాకలేదు. సభ అయ్యాక ఇంటికి వెళ్లి ఆ భక్తుడే మొక్కుకునేది జ్వరం తగ్గించేవాడికి, సీటు ఇప్పించేవాడికి, వీసా స్టాంపు వేయించేవాడికి. నిర్గుణ బ్రహ్మకు తలనీలాలు ఇస్తామని ఎవరు మొక్కుకున్నారు? మొదటి దేవుడికి సైన్సుతో ఏ తగువూ లేదు, ఎందుకంటే ఆయన ఏమీ చేయడు. రెండో ఆయన లోకంలో పనులు చేస్తాడు, కనుక జరిగిందా లేదా అని అడగవచ్చు. అడిగితే భక్తుడు మళ్లీ మొదటి ఆయనను ముందుకు తెస్తాడు. ఈ వేషాలు మార్చడం ఆపనంతకాలం పొత్తు కుదిరిందో లేదో తేలదు.

అడిగినవాళ్లు ఉన్నారు కూడా. అమెరికాలో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకుంటున్న 1,802 మందిని మూడు జట్లు చేసి, కొందరి కోసం అపరిచితుల చేత ప్రార్థనలు చేయించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి చిక్కులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవారిలో 59 శాతానికి వచ్చాయి. ఖర్చులో ఎక్కువ భాగం భరించింది మతానికీ సైన్సుకూ స్నేహం కోరే సంస్థే. ఆ 59ని చూసి చంకలు గుద్దుకునేవారు నాకు నచ్చరు. అది కాకతాళీయం కావచ్చు, కంగారు వల్ల కావచ్చు. కానీ 52కూ 51కూ మధ్య దేవుడు దూరేంత సందు లేదు.

మా అమ్మకు మూడేళ్ల క్రితం అదే ఆపరేషను జరిగింది. థియేటరు బయట గోడకు వినాయకుడి పటం, పక్కనే మక్కా, ఆ పక్కన శిలువ. సర్జను గారు లోపలికి వెళ్తూ వినాయకుడి పాదాలు తాకి వెళ్లారు. తరువాత వచ్చిన మత్తు డాక్టరూ అంతే. పటం అద్దమంతా శుభ్రంగా మెరుస్తోంది, పాదాల దగ్గర మాత్రం అరచేయంత మేర వేలిముద్రలతో మసకబారి ఉంది. నాకు సర్జను గారి మీద గౌరవం తగ్గలేదు. చేతులు కడుక్కోవడం మానేసి పటం తాకి ఉంటే తగ్గేది.

లోపల అమ్మ ఉండగానే మా చెల్లెలు తిరుమలకు మొక్కేసింది, అమ్మ తలనీలాలు ఇస్తానని. వారం తరువాత ఈ సంగతి విని అమ్మ మంచం మీదే మండిపడింది. "నా జుట్టు మొక్కడానికి నువ్వెవరే? మొక్కినదానివి నీది ఇచ్చుకో." రెండు రోజులు మాటల్లేవు. చివరికి పక్క మంచం పెద్దావిడ మధ్యవర్తిత్వం చేసి, మూడు కత్తెరలు ఇస్తే స్వామి సరిపెట్టుకుంటాడని తేల్చింది. కల్యాణకట్టలో అమ్మ మూడు కత్తెరలే ఇచ్చి వచ్చింది. బేరమాడగలిగిన ఈ దేవుడి ముందు నా తర్కం దిగదుడుపేనని నాకు తెలుసు. నేను ఆయనను నమ్మను. కానీ ఆ వారం మా చెల్లెలికి చేతిలో ఏదో ఒక పని ఉంది, నాకు లేదు. వరండాలో నేను పచార్లు చేశాను, అంతే.

హేతువాద మిత్రులతో నాకున్న పేచీ కూడా ఇదే. అరచేతిలో హారతి కర్పూరం వెలిగించి, నిప్పుల మీద నడిచి, బాబాల మహిమలు బట్టబయలు చేయడం గొప్ప సేవ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, గర్భవతిగా ఉండి గ్రహణం వేళ మామూలుగా పనులు చేసుకున్న ఆయన భార్య సరస్వతి గోరా ఉత్త మాటలు చెప్పినవారు కారు, బతికి చూపించారు. కానీ బాబా దొంగ అని తేలితే బ్రహ్మాండానికి మూలం ఏమిటో తేలిపోయినట్టు కొందరు మాట్లాడతారు. అది కూడా వేషం మార్చడమే, అటువైపు నుంచి. అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకు ఉంది అన్న ప్రశ్నకు సైన్సు దగ్గర జవాబు లేదు. "దేవుడు" అన్నదీ జవాబు కాదు, ఆ ప్రశ్నకే పెట్టిన పేరు. సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం ఈ ఇద్దరికన్నా నిజాయితీగా, పైనుండి లోకాన్ని చూసే అధ్యక్షుడికైనా తెలుసో లేదో అని సందేహంతోనే ముగుస్తుంది.

విశ్వం ఒక బిందువు నుంచి మొదలైందన్న ఊహకు ఆద్యుడైన లెమైత్ర్ కేథలిక్ పూజారి. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా చెప్పినప్పుడు అందరికన్నా ఇబ్బంది పడింది ఆయనే. రేపు లెక్క మారితే దేవుడినీ మార్చుకుంటారా అన్నది ఆయన బాధ అని నేను అర్థం చేసుకున్నాను. పొత్తు కుదుర్చుకున్న భక్తులందరిలో నాకు ఆయనే నికార్సుగా కనిపిస్తాడు, దేవుడిని సైన్సు చేత సాక్ష్యం చెప్పించాలని చూడలేదు గనుక. అయితే ఆ పొత్తుకు ధర ఉంది. ఆయన దేవుడు టెలిస్కోపులో కనబడడు, రాకెట్టు ఆపడు, 52ను 51 చేయడు. ఆ ధర చెల్లించగలిగినవారికి తర్కంతో ఏ అడ్డూ లేదు. మన గుళ్ల ముందు వరుసల్లో నిలబడేవారిలో ఎంతమంది అందుకు సిద్ధపడతారన్నది వేరే మాట.

అమ్మ ఆపరేషను రోజున ఆ వరండాలోనే నాన్నను అడిగాను. నలభై ఏళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన ప్రశ్న.

"నాన్నా, ఆ గ్రహణం రోజు మీరెందుకు తలుపు వేశారు? మీరు నమ్మారా?"

ఆయన కాసేపు పటం వైపు చూశారు. ఎనభై దాటాయి, ఇప్పటికీ క్లాసులో చెప్పినట్టే చెప్తారు.

"నమ్మలేదు. కానీ మీ అత్తకు ఏడో నెల. పుట్టే బిడ్డకు ఏ చిన్న లోపం ఉన్నా, అది గ్రహణం వల్ల కాదని మీ నానమ్మకు రుజువు చేసే మార్గం నా దగ్గర లేదురా. తలుపు వేస్తే ఆ గొడవ ఉండదనుకున్నాను."

"మరి లేకుండా పోయిందా?"

నాన్న నవ్వారు. ఏప్రిల్‌లో మేనత్తకు ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా ఉంది, ఎడమ భుజం మీద మాత్రం గోరంత నల్లటి మచ్చ. నానమ్మ దాన్ని చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. తలుపులూ కిటికీలూ మూసినా పెంకు సందులోంచి గ్రహణపు వెలుగు పడిందని తేల్చేసింది. వానాకాలానికి ముందే ఇల్లు నేయించమంటే వినలేదని, పోయేదాకా ఆమె నాన్నను దెప్పుతూనే ఉంది.